గ్రంథప్రియుడు థామస్ జెఫర్సన్

పాఠశాల ప్రధానోపాధ్యాయురాలి చేతిలో ఉండే తాళంచెవుల గుత్తిలో నాకు మిక్కిలి ప్రియమైనది గ్రంథాలయపు బీరువా తాళంచెవి. ఇరుగుపొరుగు వారంతా వేరొక భాష మాట్లాడే ఊరిలో తెలుగు బడి నడిపేవారికి ఒక్కొక్క తెలుగు పుస్తకం ఎంత ప్రయాసతో చేరుతుందో అనుభవించిన వారికే తెలుస్తుంది. అందువల్లనే ఉద్యోగంలో చేరిన తొలినాళ్లలో పుస్తకాలను పదిలపరచడమే నా ధర్మమని భావించి, బీరువాకు ఎల్లప్పుడు తాళం వేసి ఉంచేదానను. ఒకనాటి మధ్యాహ్నం ఒక చిన్న విద్యార్థిని బీరువా అద్దానికి నుదురు ఆనించి, లోపలి పుస్తకాల పేర్లను వేలితో చూపుకుంటూ ఒక్కొక్కటిగా చదువుకోవడం నా కంటబడింది. పుస్తకాన్ని కాపాడటం వేరు, పుస్తకాన్ని అందించడం వేరు అని ఆనాడు నాకు తెలిసివచ్చింది.

మన పాఠశాల ప్లాటినం జూబిలీ సంచికకు ఒక మహనీయుని జీవితం వ్రాయవలసిందని కోరినప్పుడు, ఈ రెండు మాటలకు మధ్యనున్న దూరాన్ని తన జీవితంతోనే కొలిచి చూపిన ఒక వ్యక్తి నాకు స్ఫురించారు. ఆయన అమెరికా సంయుక్త రాష్ట్రాల మూడవ అధ్యక్షులు, స్వాతంత్ర్య ప్రకటన రచయిత, పెద్ద భూస్వామి, అంతకు మించి పుస్తకాల మనిషి అయిన థామస్ జెఫర్సన్.

జెఫర్సన్ 1743 ఏప్రిల్ 13వ తేదీన వర్జీనియాలోని షాడ్వెల్ అనే చోట జన్మించారు. వర్జీనియా అనగానే మన తెలుగు రైతులకు పొగాకు జ్ఞప్తికి వస్తుంది. ఆ పొగాకు పంటపైనే ఆనాటి అక్కడి భూస్వాముల ఐశ్వర్యమంతా ఆధారపడి ఉండేది. ఆ పంట పండించిన చేతులు ఆఫ్రికా నుండి తెచ్చిన బానిసలవి, వారి సంతానానివి. థామస్ తండ్రి పీటర్ జెఫర్సన్ భూమి కొలిచే సర్వేయరు. జాషువా ఫ్రై అనే మరొక సర్వేయరుతో కలిసి వర్జీనియా పటాన్ని తయారు చేసిన దిట్ట. పాఠశాల చదువు అంతగా లేకపోయినా ఆయన తన ఇంట సుమారు 40 పుస్తకాలను సమకూర్చుకున్నారు. 1757లో తండ్రి మరణించేనాటికి థామస్ వయస్సు 14 సంవత్సరాలు. యుక్తవయస్సు రాగానే ఆయనకు వారసత్వంగా సంక్రమించినది సుమారు 5000 ఎకరాల భూమి, దానితోపాటు బానిసలు, ఆ కొద్దిపాటి పుస్తకాలు.

1760లో ఆయన విలియమ్స్‌బర్గ్ పట్టణంలోని విలియం అండ్ మేరీ కళాశాలలో చేరారు. తరువాత జార్జ్ విత్ అనే న్యాయకోవిదుని వద్ద శిష్యరికం చేసి న్యాయశాస్త్రం అభ్యసించారు. గ్రీకు, లాటిన్ భాషలలో నిష్ణాతుడైన ఆ గురువుపై శిష్యునికి జీవితాంతం పితృతుల్యమైన గౌరవం ఉండేది. ఈ గురువుగారి ప్రస్తావన మరల వస్తుంది గనుక పాఠకులు ఆయన పేరును గుర్తుంచుకోవలసిందిగా మనవి.

యువ న్యాయవాదిగా పేరు తెచ్చుకుంటున్న దశలో, 1770 ఫిబ్రవరి 1వ తేదీన షాడ్వెల్ ఇల్లు అగ్నికి ఆహుతి అయింది. జెఫర్సన్ ఆ సమయానికి ఇంట లేరు. తండ్రి పుస్తకాలు, తాను కొన్నవి, న్యాయశాస్త్ర పత్రాలు దాదాపు అన్నీ బూడిదయ్యాయి. కాలిపోయిన పుస్తకాల విలువ 200 పౌనులని ఆయన లెక్కకట్టుకున్నారు. మరొకరైతే ఆ దెబ్బతో పుస్తకాల ఊసే మానేవారేమో! ఆయన మాత్రం మరల మొదటి పుస్తకం నుండి ఆరంభించి, 1773 ఆగస్టు నాటికి 1,256 సంపుటాలను కూర్చారు. మూడేండ్లలో ఒక కాలిపోయిన గ్రంథాలయం మరల లేచి నిలిచింది. షాడ్వెల్ సమీపంలోని కొండపై ఆయన స్వయంగా రూపకల్పన చేసి కట్టించుకుంటున్న మాంటిసెల్లో అనే భవనంలో ఆ పుస్తకాలు కొలువుదీరాయి.

ఆయన సేకరణ కేవలం వేడుక కోసం కాదు. వర్జీనియా పాత శాసనాల వ్రాతప్రతులు కార్యాలయాలలో తడిసి, చిరిగి, చివికిపోతూ ఉండటం చూసి వాటిని శ్రమపడి సేకరించారు. కొన్ని ప్రతులు తాకితేనే పొడిగా రాలిపోయే స్థితిలో ఉండేవట. ఒకే ఒక ప్రతిని ఎన్ని తాళాల వెనుక దాచినా అది ఏనాటికో ఒకనాటికి నశించక తప్పదనీ, అచ్చువేసి అనేకుల చేతులలో ఉంచడమే దానికి నిజమైన రక్షణ అనీ ఆయన అభిప్రాయం. ఆ సూత్రం ప్రకారమే విలియం వాలర్ హెనింగ్ అనే పండితునికి తన ప్రతులను ఇచ్చి సహకరించారు. హెనింగ్ 1809 నుండి 13 సంపుటాలుగా ప్రకటించిన వర్జీనియా శాసన సంకలనానికి ఆ ప్రతులు ఎంతగానో తోడ్పడ్డాయి. షాడ్వెల్ మంటలు నేర్పిన పాఠం ఇదేనని తోస్తుంది.

పుస్తకాలపై తన పేరును ఆర్భాటంగా వ్రాసుకోవడం ఆయనకు నచ్చేది కాదు. ఆనాటి ముద్రాపకులు పుస్తకపు ఫారాలను వరుస తప్పకుండా కుట్టడానికి పుట అడుగున ఒక్కొక్క అక్షరం వేసేవారు. జెఫర్సన్ ఆ అక్షరాలలో ఒకదాని ప్రక్కన తన పేరులోని మరొక పొడి అక్షరాన్ని కలంతో చేర్చేవారు. చూసీ చూడనట్టుండే ఆ చిన్న గుర్తే నేటికీ ఆయన పుస్తకాలను పోల్చడానికి పరిశోధకులకు ఆధారం.

ఇక ఆయన రాజకీయ జీవితం. 1769లో వర్జీనియా శాసనసభలో అడుగుపెట్టారు. 1776లో, 33 సంవత్సరాల వయస్సులో, అమెరికా స్వాతంత్ర్య ప్రకటన చిత్తుప్రతిని రచించారు. మనుషులందరు సమానులుగా సృష్టింపబడ్డారన్న భావం ఆ ప్రకటనకు ప్రాణం. మతం విషయంలో ప్రభుత్వం ఎవరినీ నిర్బంధించరాదంటూ ఆయన రచించిన శాసనాన్ని వర్జీనియా సభ 1786లో ఆమోదించింది. 1779 నుండి 1781 వరకు వర్జీనియా గవర్నరుగా ఉన్నారు.

ఉపాధ్యాయులమైన మనకు వీటన్నింటికంటె ముఖ్యమైనది, 1779లో సభ ముందుకు వచ్చిన ఆయన విద్యా బిల్లు. ఊరూరా పాఠశాలలు నెలకొల్పి, బాలురకు బాలికలకు మూడేండ్లపాటు ఉచితంగా చదవడం, వ్రాయడం, లెక్కలు నేర్పాలనీ, పేద బాలురలో మెరికలైన వారిని ప్రజాధనంతో ఉన్నత విద్యకు పంపాలనీ అందులో ప్రతిపాదించారు. ప్రజలు చదువుకున్నవారైతేనే పాలకుల నిరంకుశత్వాన్ని పసిగట్టగలుగుతారన్నది ఆయన విశ్వాసం. ఖర్చు భరించడానికి ఇష్టపడని సభ ఆ బిల్లును ఆమోదించలేదు. అయితే ఆ బిల్లులో ఒక మాట ఉంది. ఆ ఉచిత విద్య స్వతంత్రుల సంతానానికి మాత్రమే. బానిసల పిల్లలకు ఆ బడిలో చోటు లేదు.

1772లో ఆయన మార్తా అనే వితంతువును వివాహం చేసుకున్నారు. మరుసటి సంవత్సరం మామగారైన జాన్ వేల్స్ మరణించగా, వేలకొలది ఎకరాలు, 135 మంది బానిసలు, వాటితోపాటు కొండంత అప్పు సంక్రమించాయి. ఆ అప్పు నీడ జీవితాంతం ఆయనను విడువలేదు. 1782లో భార్య మరణించడంతో ఆయన కృంగిపోయారు. ఆ దుఃఖం నుండి తేరుకుంటూ 1783లో తన పుస్తకాలకు పట్టిక వ్రాసుకున్నారు. అప్పటికి లెక్క 2,640 సంపుటాలు.

1784లో ఫ్రాన్సు దేశానికి ప్రతినిధిగా వెళ్లి 1789 వరకు అక్కడ ఉన్నారు. తీరిక దొరికిన మధ్యాహ్నాలు పారిస్ పుస్తకాల అంగళ్లలో గడిపేవారు. ఒక్కొక్క పుస్తకాన్ని స్వయంగా చేతిలోకి తీసుకొని, పుటలు త్రిప్పి చూసి కొనేవారు. పారిస్‌లో దొరకని వాటికోసం లండన్, ఆమ్‌స్టర్‌డామ్, ఫ్రాంక్‌ఫర్ట్, మాడ్రిడ్ నగరాల వర్తకులకు ఉత్తరాలు వ్రాసేవారు. ఈ ఐదేండ్లలో సుమారు 2,000 సంపుటాలు చేరాయి. తనకోసమే కాక మిత్రులకోసం కూడా కొన్నారు. జేమ్స్ మాడిసన్‌కు ఆయన పంపిన పెట్టెల నిండా పుస్తకాలలో ప్రాచీన, నవీన సమాఖ్య రాజ్యాల చరిత్రలు ఉన్నాయి. వాటిని అధ్యయనం చేసిన మాడిసన్ 1787లో అమెరికా రాజ్యాంగ రచనలో ప్రముఖ పాత్ర వహించారు. సముద్రం దాటి వచ్చిన పుస్తకాలు ఒక దేశపు రాజ్యాంగానికి ఎరువైన వైనం ఇది.

స్వదేశానికి తిరిగివచ్చిన తరువాత విదేశాంగ మంత్రిగాను, ఉపాధ్యక్షులుగాను పనిచేసి, 1801 నుండి 1809 వరకు రెండు పర్యాయాలు అధ్యక్ష పదవిని నిర్వహించారు. ఆ దేశపు పార్లమెంటును కాంగ్రెసు అంటారు. దాని సభ్యుల ఉపయోగార్థం 1800లో వాషింగ్టన్ నగరంలో ఒక చిన్న గ్రంథాలయం ఏర్పడింది. దానికి గ్రంథపాలకుని నియమించే శాసనంపై 1802లో అధ్యక్షుడుగా సంతకం చేసినవారు జెఫర్సనే. అందులో ఉండవలసిన పుస్తకాల జాబితాను కూడా ఆయన తయారుచేసి ఇచ్చారు.

1814 ఆగస్టు 24వ తేదీన బ్రిటిషు సేనలు వాషింగ్టన్‌పై దాడిచేసి కాంగ్రెసు భవనాన్ని తగులబెట్టాయి. సుమారు 3,000 సంపుటాల ఆ గ్రంథాలయం నశించింది. అప్పటికి జెఫర్సన్ వయస్సు 71 సంవత్సరాలు. వార్త తెలిసిన కొద్ది వారాలకే, అర్ధశతాబ్దం పాటు కూర్చిన తన పుస్తకాలన్నింటిని జాతికి ఇవ్వజూపుతూ లేఖ వ్రాశారు. ఏ ధర నిర్ణయించినా సమ్మతమేనన్నారు. ఏరుకుని కొన్ని తీసుకుంటే కుదరదనీ, మొత్తం ఒక్కటిగా తీసుకోవాలనీ మాత్రం షరతు పెట్టారు.

ఆశ్చర్యమేమంటే ఈ ప్రతిపాదనకు సభలో తీవ్రమైన ప్రతిఘటన ఎదురయింది. శాసనకర్తలకు తత్త్వశాస్త్రం ఎందుకన్నారు కొందరు. సభ్యులు చదవలేని పరభాషా గ్రంథాలు ఎందుకన్నారు మరికొందరు. మతవిరుద్ధమైన పుస్తకాలున్నాయని ఇంకొందరు ఆక్షేపించారు. శాసనకర్తకు ఏనాడూ అవసరపడని విషయమంటూ లోకంలో ఏదీ ఉండదన్నది జెఫర్సన్ సమాధానం. చివరకు 81 ఓట్లకు 71 ఓట్ల స్వల్ప ఆధిక్యంతో ప్రతిపాదన నెగ్గింది. పుస్తకాల వర్తకుడు జోసెఫ్ మిల్లిగన్ పుస్తకాల పరిమాణాన్ని బట్టి, పెద్ద సైజు పుస్తకానికి 10 డాలర్లు, అన్నింటికంటె చిన్నదానికి 1 డాలరు చొప్పున వెలకట్టారు. 6,487 సంపుటాలకు 23,950 డాలర్లు వచ్చాయి. అందులో అధికభాగం అప్పులవారికే పోయింది.

1815 వసంతంలో అరలతో సహా పలకలు బిగించిన ఆ పుస్తకాలు పది బండ్లలో కొండ దిగి వాషింగ్టన్‌కు తరలిపోయాయి. జెఫర్సన్ తన పుస్తకాలను జ్ఞాపకం, వివేచన, ఊహ అనే మూడు మానసిక శక్తుల ఆధారంగా చరిత్ర, తత్త్వం, లలితకళలుగా విభజించి 44 అధ్యాయాలుగా అమర్చుకున్నారు. ఆ పద్ధతినే కాంగ్రెసు గ్రంథాలయం 19వ శతాబ్ది చివరి వరకు అనుసరించింది. బండ్లు వెళ్లిపోయిన తరువాత ఆ వృద్ధుడు ఊరకుండలేక మరల పుస్తకాలు కొనసాగారు. 1819లో వర్జీనియా విశ్వవిద్యాలయాన్ని స్థాపించారు. ప్రార్థనామందిరం ఉండవలసిన నడిబొడ్డున గ్రంథాలయాన్ని నిలిపి, అందుకు సుమారు 6,860 సంపుటాల జాబితాను స్వయంగా తయారుచేశారు. స్వాతంత్ర్య ప్రకటనకు సరిగ్గా 50 ఏండ్లు నిండిన 1826 జూలై 4వ తేదీన కన్నుమూశారు.

ఇంతటితో ముగిస్తే ఈ వ్యాసం చదవడానికి హాయిగా ఉండేది. కాని విద్యార్థుల ముందు సగం సత్యం పెట్టడం ఉపాధ్యాయ ధర్మం కాదు.

మనుషులందరు సమానులన్న ఆ కలం యజమాని తన జీవితకాలంలో 600 మందికి పైగా మనుషులను తన ఆస్తిగా కలిగి ఉన్నారు. బానిసత్వం ఘోరమని వ్రాశారు, నల్లజాతివారి బుద్ధి తెల్లవారికి సాటిరాదన్న దురభిప్రాయాన్ని కూడా అచ్చువేశారు. భార్యకు సవతి చెల్లెలు, తమ ఇంటి బానిస అయిన శాలీ హెమింగ్స్‌కు ఆయన వల్ల సంతానం కలిగిందని చరిత్రకారులలో అధికసంఖ్యాకులు నేడు అంగీకరిస్తున్నారు. కాలం అటువంటిదని సరిపెట్టుకుందామన్నా, ఆయన గురువు జార్జ్ విత్ కూడా ఆ కాలంవారే. ఆయన తన బానిసలకు విముక్తి ప్రసాదించారు. ఇంటనున్న మైకేల్ బ్రౌన్ అనే నల్లజాతి యువకునికి స్వయంగా విద్య నేర్పారు. ఆ గురువు 1806లో మరణిస్తూ తన పుస్తకాలను ప్రియశిష్యునికే వ్రాసి ఇచ్చారు. పుస్తకాలైతే మాంటిసెల్లో చేరాయి గాని, ఆ దారి మాత్రం చేరలేదు.

మరొక అవకాశం కూడా వచ్చింది. అమెరికా స్వాతంత్ర్య సమరంలో పోరాడిన పోలండు వీరుడు కొషూష్కో, తన ధనంతో బానిసలను విడిపించి వారికి విద్య చెప్పించవలసిందని జెఫర్సన్‌ను కోరుతూ మరణశాసనం వ్రాశారు. ఆయన 1817లో మరణించగా, వృద్ధాప్యాన్ని, చిక్కులను కారణంగా చూపి జెఫర్సన్ ఆ బాధ్యతను స్వీకరించలేదు.

జెఫర్సన్ మరణించేనాటికి లక్ష డాలర్లకు పైగా అప్పు ఉంది. మరణశాసనంలో ఆయన ఐదుగురికి మాత్రమే విముక్తి నిచ్చారు. 1827 జనవరిలో మాంటిసెల్లోలో 130 మంది మనుషులను వేలానికి పెట్టారు. విముక్తి పొందిన ఐదుగురిలో కమ్మరి జో ఫాసెట్ ఒకరు. కాని ఆయన భార్యాబిడ్డలు వేలంలో అమ్ముడుపోయారు. ఆ బిడ్డలలో 11 ఏండ్ల పీటర్ ఉన్నాడు.

పీటర్‌కు జెఫర్సన్ మనుమడొకడు అక్షరాలు నేర్పి ఉన్నాడు. క్రొత్త యజమాని ఆ బాలుని వద్ద పుస్తకం కనబడితే కొరడా దెబ్బలు తప్పవని శాసించాడు. అయినా పీటర్ రహస్యంగా చదువుకున్నాడు. రాత్రివేళ చమురుకట్టెల వెలుతురులో తోటి బానిసలకు చదువు చెప్పాడు. రెండు పర్యాయాలు పారిపోయి పట్టుబడ్డాడు. చివరకు 1850లో బంధుమిత్రులు ధనం కూర్చి ఆయనను విడిపించారు. సిన్సినాటి నగరంలో స్థిరపడి, పారిపోయి వచ్చే బానిసలకు అండగా నిలిచి, చర్చి గురువుగా గౌరవం పొందారు. 1900లో, 85 ఏండ్ల వయస్సులో, తాను పుట్టిన మాంటిసెల్లోను మరల చూసి వచ్చారు. మరుసటి సంవత్సరం మరణించారు. పుస్తకానికి గల శక్తిపై జెఫర్సన్ విశ్వాసం ఎంత నిజమో, ఆయన బడిలో చోటు ఇవ్వని పిల్లవాడే ఋజువు చేశాడు.

1851 డిసెంబరు 24వ తేదీన కాంగ్రెసు గ్రంథాలయంలో జరిగిన అగ్నిప్రమాదంలో జెఫర్సన్ పుస్తకాలలో మూడింట రెండు వంతులు కాలిపోయాయి. మిగిలిన వాటిని పదిలపరచి, పోయిన వాటికి బదులు అవే ముద్రణల ప్రతులను వెదకి చేర్చే పని 1999 నుండి సాగింది. ఆనాడు పరభాషా గ్రంథాలు ఎందుకని కొందరు ప్రశ్నించిన ఆ గ్రంథాలయంలో నేడు వందలాది భాషల పుస్తకాలు ఉన్నాయి. వాటిలో తెలుగు పుస్తకాలూ ఉన్నాయి. మన పెద్దలకు పి.ఎల్. 480 గోధుమలు గుర్తుండే ఉంటాయి. ఆ గోధుమల అమ్మకం వల్ల మన దేశంలో చేరిన రూపాయలలో కొంత భాగంతోనే కాంగ్రెసు గ్రంథాలయం వారు 1962 నుండి ఢిల్లీ కార్యాలయం ద్వారా భారతీయ భాషల పుస్తకాలు కొని, తమకును అమెరికాలోని విశ్వవిద్యాలయాలకును పంపనారంభించారు. ఆ విధంగా మన కవులు, కథకులు కూడా ఆ అరలలో కొలువుదీరారు.

ప్రియమైన విద్యార్థినీ విద్యార్థులారా! జెఫర్సన్ నుండి మనం రెండు పాఠాలు నేర్చుకోవాలి. కాలిపోయిన చోట మరల మొదటి పుస్తకం కొనే పట్టుదల ఒకటి. అది ఆయన చేసి చూపినది. చదువనే దీపం ఇంటిలో చివరి మనిషికి కూడా వెలుగు నివ్వాలన్నది రెండవది. అది ఆయన చేయక విడిచినది. మహనీయుల జీవితాలలో చేసిన పనులతోపాటు చేయక విడిచిన పనులను కూడా చదవగలిగినప్పుడే మన చదువు సార్థకమవుతుంది.

బీరువా అద్దానికి నుదురు ఆనించిన ఆ చిన్నారి చదువు ముగించి వెళ్లి చాలా కాలమైంది. నాటి నుండి నేటి వరకు బడి వేళలలో మన గ్రంథాలయపు బీరువాకు తాళం పడలేదు. కొన్ని పుస్తకాలు తిరిగి రాలేదు, కొన్నింటి అట్టలు ఊడిపోయాయి. ఆ నష్టాన్ని నేను లెక్క వ్రాసుకోలేదు. రాబోయే సంవత్సరాలలో ఈ పాఠశాల బాధ్యత స్వీకరించే వారికి నా విన్నపం ఒక్కటే: పుస్తకాలు ఇంకా ఇంకా చేర్చండి, తాళంచెవి మాత్రం గోడకు తగిలించి ఉంచండి.